మొక్కు జుట్టు

మా ఇంట్లో దేవుడి సొత్తు ఒకటి మా అబ్బాయి నెత్తిమీద రెండేళ్ళకు కాస్త తక్కువగా పెరిగింది. దానికి కాపలా కాయడానికే నేను బెంగుళూరు వెళ్ళి, మెడలో వీఐపీ కార్డు వేలాడేసుకుని, హెవీ మెటల్ కచేరీలో అందరికంటే ముందు నిలబడి వచ్చాను. ఈ సంగతి చెబితే మా ఆమదాలవలస బజారులో ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మకపోతే మానేయమనండి, నా మోకాళ్ళకు తెలుసు.

మాది ధాన్యం వ్యాపారం. ముందు కొట్టు, వెనకాల గోదాము, ఆ వెనక ఇల్లు. మా వాడు బెంగుళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ, నూర్పుల రోజుల్లో సెలవలకు వచ్చాడు. గోదాము వాకిట్లో ధాన్యం తూర్పారబడుతుంటే పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఎడమ కంట్లో ఊక నలుసు పడింది. నలుసే కదా అని వాడు నలిపేశాడు. నలుసే కదా అని మేమూ ఊరుకున్నాం. ధాన్యంలో పుట్టి ధాన్యంలో పెరిగిన వాళ్ళం, కంట్లో ఊక పడడం మాకొక వింత కాదు. కొద్ది రోజుల్లోనే కన్ను చింతనిప్పులా ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది. విశాఖపట్నంలో డాక్టరు చూసి, కంట్లో పుండు పడింది, ఊకతో వచ్చే బూజు ఇది, చూపు గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను అన్నాడు.

నేను ఆస్పత్రి మెట్లమీదే కూలబడి అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కేసుకున్నాను. మా వైపు కంటికి ఏ జబ్బు వచ్చినా ఆయన దగ్గరకే పోతాం. "సామీ, నా కొడుకు కన్ను నాకిచ్చెయ్యి, వాడి జుట్టు నీకిచ్చెత్తాను" అన్నాను. వ్యాపారస్తుల ఇంటి దాన్ని, దేవుడి దగ్గరకు వెళ్ళినా బేరమే వస్తుంది. ఆ క్షణం నుంచి వాడి తలకు కత్తెర తగలకూడదు. మొక్కుకున్న జుట్టు ఇక మనది కాదు.

ఆ తరవాత చాలాకాలం వాడు చీకటి గదిలో పడుకున్నాడు. గంటగంటకూ కంట్లో చుక్కలు వేయాలి. చదవకూడదు, ఫోను చూడకూడదు, వెలుతురు వైపు తిరగకూడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఒక్కటే వాడికి మిగిలాయి. చుక్కలు వేయడానికి వంగినప్పుడల్లా ఆ వైర్లలోంచి నాకు చప్పుడు వినపడేది. రైసు మిల్లులో బెల్టు తెగినప్పుడు వచ్చే చప్పుడు అది.

"ఏట్రా అది?" అన్నాను.

"పాటమ్మా."

"పాటేటి? ఎవులినైనా సంపుతన్నారేటి?"

వాడు నవ్వాడు. జబ్బు పడ్డాక వాడి నవ్వు వినడం అదే మొదలు. దాంతో ఆ పాటల మీద నేను ఇంకో మాట అనలేకపోయాను.

చూపు వచ్చింది. మచ్చ ఒక అంచున సన్నగా మిగిలింది గానీ ఇక భయం లేదన్నాడు డాక్టరు. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక మా మాట మేం నిలబెట్టుకోవాలి. వచ్చే ఆదివారం అరసవల్లి వెళ్దామనుకున్న వారంలోనే మా మావగారు పోయారు. ఏటి మైల ఉండగా మా ఇళ్ళల్లో మొక్కులు తీర్చరు. పదో రోజున మా ఆయన గుండు చేయించుకుంటుంటే మంగలి మా వాడి వైపు కూడా చూశాడు. "ఒరే నాయినా, ఆ తల జోలికెళ్ళకు, అది సామిది!" అని నేను ఏడుస్తూ ఏడుస్తూనే కేకేశాను. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు కాసేపు ఏడుపు ఆపి నన్ను చూశారు.

అలా ఆ జుట్టు భుజాలు దాటింది. బెంగుళూరులో దానికి మహా గౌరవమట. మెటల్ పాటలు వినేవాళ్ళలో జుట్టున్నవాడే మొనగాడట. ఇక్కడ చుట్టాలేమో "మొక్కు జుట్టా, సామి సల్లగా సూడాల" అని చేతులెత్తి దండం పెట్టేవారు. రెండు చోట్లా వాడి తలకు మర్యాదే గానీ నాకే నిద్ర లేదు. ఇస్తానన్నది ఇవ్వకుండా మా దగ్గరే పెట్టుకున్నాం, ఆయన ఇచ్చింది వెనక్కి తీసేసుకుంటే? రోజూ పొద్దున్నే వాడికి ఫోను చేసేదాన్ని. "కుడికన్ను మూసుకో. గోడమీద కేలండరు సదువు." వాడు తిథి, వారం, వర్జ్యం అన్నీ గడగడా చదివేవాడు. విసుక్కుంటూ చదివేవాడు, కానీ చదివేవాడు. అది విన్నాకే నా నోట్లోకి కాఫీ దిగేది.

ఏడాది తిరిగి మావగారి సంవత్సరీకం అయ్యింది. వాడి చదువు పూర్తయి ఉద్యోగమూ వచ్చింది. చేరే రోజుకి జుట్టు కురచగా చేయించుకుని రావాలని చెప్పారట. నేను ఫోనులో "వెంటనే రైలెక్కు, ఆదివారం అరసవల్లిలో ఇచ్చేద్దాం" అన్నాను.

"శుక్రవారం కచేరీ ఉందమ్మా. నేను చీకటి గదిలో విన్నానే, వాళ్ళే వస్తన్నారు. అది అయిపోనియ్యి. జుట్టు సంగతి ఏదో ఒకటి సేద్దాంలే."

ఏదో ఒకటి! దేవుడి సొత్తుకు 'ఏదో ఒకటి' చేయడమేమిటి? ఏ సెలూను కుర్చీలోనో కూర్చుని, ఒక పోగు కవర్లో వేసి తెచ్చి ఇదిగో మొక్కు అంటాడని నాకు అనిపించింది. వాడికి మొక్కుల మీద నమ్మకం ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. మందులకు తగ్గింది అనేవాడు. మందులెవరు పని చేయించారురా అంటే నవ్వేవాడు.

ఆ కచేరీకి వాడూ, వాడి గదిలో ఉండే స్నేహితుడూ కలిసి వీఐపీ ప్యాకేజీ తీసుకున్నారు. మామూలు టికెట్టు కాదట. అందరికంటే ముందు లోపలికి పంపిస్తారు, వాళ్ళు వాయిద్యాలు సరిచూసుకుంటుంటే వినవచ్చు, వాళ్ళతో ఫొటో దిగవచ్చు, వేదికకు ఆనుకుని ఉన్న కమ్మీ దగ్గరే నిలబడవచ్చు.

"అంటే శీఘ్ర దర్శనం లాటిదేటి?" అన్నాను.

"ఇంచుమించు అదే."

సరిగ్గా ఆ వారమే స్నేహితుడికి ఆటలమ్మ పోసింది. ఆ చోటు ఖాళీ అయ్యింది, ఎవరిని తీసుకెళ్ళాలో తెలీటం లేదని వాడంటుంటే నా నోరు ఊరుకోలేదు.

"నానొస్తాను."

అన్నం తింటున్న మా ఆయన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఒసే, నీకేటి మతి పోనాదేటి? ఆ గోలలో నీకేటి పని?"

"గోలతో నాకు పని నేదు, తలతో పని. కచేరీ అవగానే వాణ్ణి రైలెక్కించి తిన్నగా సామి దగ్గరకి తెస్తాను. మజ్జిలో కత్తెరన్నది కనబడకూడదు."

మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నా సంగతి తెలిసిన మనిషి.

పెద్దవాళ్ళ దగ్గరకు చేతులూపుకుంటూ వెళ్ళకూడదు కదా. పలాస జీడిపప్పు తెప్పించి, నేతిలో దోరగా వేయించి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి స్టీలు డబ్బాలో పెట్టాను. శాలువా కూడా కొందామంటే "అమ్మా, నీకు దండం పెడతాను, శాలువా వద్దు" అని ఫోనులో బతిమాలాడు. సరే పోనీలే అని అది మానేశాను.

బెంగుళూరులో ఆ మైదానం గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళందరూ నల్లబట్టల్లో ఉన్నారు. చేతులనిండా పచ్చబొట్లు, చెవులకు ఇనప రింగులు. వాళ్ళ మధ్య నా ఆకుపచ్చ నేతచీర. ఎవరైనా ఏమైనా అంటారేమో, అంటే నాలుగు తగిలిద్దామని సిద్ధంగానే వెళ్ళాను. ఒక్కరూ అనలేదు. "ఆంటీ, ఇటు నీడలోకి రండి" అని ఒకడు జరిగి చోటిచ్చాడు. వాడి చొక్కామీద పుర్రె నోట్లోంచి పాము వస్తోంది, మాట మాత్రం మెత్తన. మనిషిని చొక్కా చూసి కొలవకూడదని అనుకుని, కాస్త సిగ్గుపడి, వాడికి గుప్పెడు జీడిపప్పు పెట్టాను.

లోపలికి వెళ్ళగానే మెడలో కార్డు వేశారు. ఒక సంచీలో నల్ల చొక్కా, చెవుల్లో పెట్టుకునే దూది బిళ్ళలు, పుర్రె బొమ్మ ఉన్న స్టీలు నీళ్ళ సీసా పెట్టి ఇచ్చారు. వేదికమీద ఒకాయన ఒకే డోలు మీద ఢబ్, ఢబ్ అని ఎంతకీ ఆపకుండా కొడుతున్నాడు. మా వాడు "అది సౌండ్ చెక్ అమ్మా" అని వివరించబోయాడు. "నాకు తెలీదేటి? మన జాతర్లో ముందు డప్పు మంట మీద కాసుకోరా?" అన్నాను. వాడు నా వైపు కొత్తగా చూశాడు.

ఆ తరవాత గుడారంలోకి దర్శనానికి పిలిచారు. బృందంలో నలుగురికి జుట్టు నడుం దాకా ఉంది. పాడే ఆయనకు మాత్రం నున్నటి గుండు, బారెడు గడ్డం. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఒరే, ఈయన ఏ దేవుడికిచ్చేడో అడుగు."

"అమ్మా!"

"అడగరా. తప్పేటి?"

వాడు చెవులదాకా ఎర్రబడి అడిగాడు. ఆయన గుండు తడుముకుని ఏదో చెప్పాడు. దేవుడికి ఇవ్వలేదట, దానంతట అదే రాలిపోతుంటే విసుగొచ్చి గీయించేశాడట. "అయ్యో, ఎలాగూ పోయేదాన్ని ఊరికే పోగొట్టుకున్నాడు. ఇచ్చుంటే పున్నెమైనా దక్కును" అన్నాను. అదీ చెప్పమని ఆయనే మా వాణ్ణి వేధించి, విని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

అసలు మా వాడు ఆయనతో చెప్పాలనుకున్నది ఒకటి ఉంది. ఆ చీకటి గది సంగతి. నిన్నటి నుంచి ఇంగ్లీషులో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. తీరా ఎదురుగా నిలబడేసరికి వల్లె వేసిందంతా మరిచిపోయి నేలచూపులు చూస్తున్నాడు. వెనక జనం కదలమంటున్నారు. ఇక లాభం లేదని నేనే ముందుకు వెళ్ళి, వాడి ఎడమ కన్ను చూపించి, "సన్ ఐ ప్రాబ్లం. డార్క్ రూమ్. ఓన్లీ యువర్ సాంగ్" అన్నాను. ఆయన నవ్వు ఆపేశాడు. కాసేపు ఆ కన్ను వైపే చూసి, రెండు చేతులతో మా వాడి చెయ్యి పట్టుకున్నాడు. నేను ఇంటర్ దాకా చదివిన చదువు అంత పనికొచ్చిన రోజు ఇంకొకటి లేదు.

జీడిపప్పు మాత్రం ఇవ్వనివ్వలేదు. తినేవి తీసుకోకూడదని పక్కనున్నావిడ డబ్బా నాకే తిరిగిచ్చింది. ప్రేమగా పెట్టింది తినకపోతే మా వైపు తగాదాలవుతాయి. ఆవిడతో కాసేపు వాదించి, చివరకు డబ్బా సంచీలో పెట్టుకున్నాను.

సాయంత్రం ముందుగా మన దేశం కుర్రాళ్ళ బృందం ఒకటి వాయించింది. కమ్మీ దగ్గర మా వాడూ, వాడి చుట్టూ ఉన్నవాళ్ళూ నడుం వంచి తలలు విదిలిస్తున్నారు. అమ్మవారు పూనినవాళ్ళు ఊగినట్టు ఊగుతున్నారు. ఆ జుట్టు గాలిలో లేచి పడుతుంటే నా ప్రాణం దాంతోపాటే లేచి పడుతోంది. మోకాళ్ళు ఇక నిలవలేక, అక్కడ పనిచేసే పిల్ల ఒకతె చూపించిన కుర్చీలో పోయి కూర్చున్నాను. ఆ బృందం దిగిపోయింది, అసలువాళ్ళు రావాలి. ఆ పిల్లే మళ్ళీ పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, మీ అబ్బాయి మందుల గుడారంలో ఉన్నాడు" అంది.

కన్ను! నాకు ఇంకో ఆలోచన రాలేదు. చెప్పులు ఎక్కడ వదిలానో కూడా తెలియకుండా పరుగెత్తాను.

గుడారంలో మా వాడు గోడకు ఆనుకున్నట్టు గుడ్డకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కన్ను బాగానే ఉంది. జుట్టు చివర గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ఎదురుగా నర్సుపిల్ల చేతిలో కత్తెర. కమ్మీ అడుగున ఎవడో నమిలి అంటించిన చూయింగ్ గమ్ ఉందట, తల విదిలించినప్పుడు జుట్టు దానికి చుట్టుకుపోయిందట. గమ్ముతో సహా నాలుగు పాయలు ఉండకట్టి ఉన్నాయి. కొంచెమే, చివర్లే, ఒక్క నిమిషంలో తీసేస్తాను, మీ వాళ్ళు వచ్చేస్తున్నారు కదా అని ఆ పిల్ల నచ్చజెబుతోంది.

"నో సిజర్స్, ప్లీజ్" అంటున్నాడు మా వాడు. "ఇట్స్ నాట్ మై హెయిర్."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాడు నన్ను చూడలేదు. నాకు వినిపించాలని అన్న మాట కాదు అది. ఇన్నాళ్ళూ వీడు ఎక్కడ కత్తెర పట్టేస్తాడో అని నేను కాపలా కాస్తున్నాను, నాకంటే గట్టిగా వాడే కాస్తున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ తరవాత ఇంకో భయం పట్టుకుంది. అది ఎవడిదో ఎంగిలి. నోట్లో నమిలి ఉమ్మిన ముద్ద దేవుడి జుట్టుకు అంటింది. కత్తెర వేయకూడదు సరే, ఎంగిలి జుట్టు ఇవ్వవచ్చా? వాడి ముఖంలోనూ అదే కనిపించింది. "అమ్మా, ఇది ఎంగిలి కదా, పనికొస్తాదా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

గమ్ము నూనెకు లొంగుతుంది. నూనె ఉందా అంటే ఆ పిల్ల దగ్గర లేదు, అన్నీ మాత్రలూ దూదీ. అప్పుడు సంచీలో డబ్బా గుర్తొచ్చింది. మూత తిరగేసి పెట్టి, అందులో జీడిపప్పు పోసి, ఆ పుర్రె సీసా అడుగుతో మెత్తగా నూరాను. నేతిలో వేయించినది కదా, వేళ్ళకు జిడ్డు జిడ్డుగా ముద్దయ్యింది. మా వాణ్ణి నేలమీద కూర్చోబెట్టి, వెనక కుర్చీ వేసుకుని, ఆ ముద్ద పట్టించి ఒక్కొక్క వెంట్రుకా విడదీయడం మొదలుపెట్టాను. నర్సుపిల్ల కత్తెర పక్కన పెట్టేసి తనూ ఒక పాయ పట్టుకుంది.

అంతలో బయట జనం ఒక్కసారిగా అరిచారు. నేల అదిరింది. అసలువాళ్ళు వచ్చేశారు.

"ఎళ్ళరా, ఇంతకోసం వచ్చేవు. మిగతాది రేపు తీసుకుందాం" అన్నాను.

"ఊపితే మిగతాదానికీ అంటుకుంటాదమ్మా. బేగి తియ్యి."

వేదిక వైపు వీపు పెట్టి అలాగే కూర్చున్నాడు. రెండు కళ్ళూ మూసుకుని వింటున్నాడు. ఆ చీకటి గదిలో కూడా ఇలాగే వినేవాడు, నేను పక్కన కూర్చుని స్వామిని తిట్టుకుంటూ మొక్కుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు వాడి చెవిలో ఉన్నది అదే పాట. ఆ రోజుల్లో ఆ గోల నా బిడ్డకు తోడుగా కూర్చుందని నాకు ఆ గుడారంలోనే సరిగ్గా అర్థమైంది. ఆ పాడేవాళ్ళ మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

గమ్ము మెత్తబడి, మసిలాంటి చిన్న చిన్న ముక్కలై వేళ్ళకు వచ్చేసింది. ఒక్క వెంట్రుక కూడా తెగలేదు. "పనికొస్తాదా?" అని వాడు మళ్ళీ అడిగాడు. "విందులో విస్తట్లో నెయ్యి చుక్క పడితే అన్నం శుద్ధవుతాదంటారు. ఇంత నెయ్యి తగిలిన జుట్టు కాదేటి? సామికి నాను సెప్పుకుంటాను, నువ్వు పద" అన్నాను. కమ్మీ దగ్గర మా చోటును ఆ పాము చొక్కా పిల్లాడు ఎవర్నీ రానివ్వకుండా కాచి ఉంచాడు. మిగతా పాటలన్నీ మా వాడు జుట్టు ముడేసుకుని విన్నాడు. నేను చెవుల్లో బిళ్ళలు పెట్టుకుని వాడి పక్కనే నిలబడ్డాను. చివర్లో నాకూ కాస్త తల ఊగింది, ఆ మాట మా ఆయనకు చెప్పలేదు.

మర్నాడు రైల్లో పై బెర్తు మా వాడిది, కింద బెర్తు నాది. ఆదివారం పొద్దున్న దిగి, ఇంట్లో స్నానాలు చేసి, మా ఆయనతో కలిసి అరసవల్లి వెళ్ళాం. తల తడిపిన మంగలి వాసన చూసి చెయ్యి ఆపాడు.

"ఏటమ్మా, నెయ్యోసన వస్తన్నాది?"

జరిగినదంతా చెప్పాను. ఎంగిలి సంగతి కూడా దాచలేదు. అతను నవ్వి, "ఎవులెవులి తలలో నా సేతికొచ్చేయి గానీ ఇంత కమ్మటి తల ఎప్పుడూ సూడనేదు. సామి అదృష్టం" అని కత్తి పెట్టాడు. పాయలు పాయలుగా నల్లటి జుట్టు వాడి ఒళ్ళో పడుతుంటే నా భుజాల మీంచి ధాన్యం బస్తా దించినట్టయ్యింది. మా ఆయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. గుండుకు గంధం రాసుకుని వాడు ఎండలోకి వచ్చి, తలెత్తి సూర్యుడి వైపు చూడబోయి, రెండు కళ్ళూ చిట్లించుకున్నాడు.

ఆ రోజంతా నేను పడుకునే ఉన్నాను. అంత నిద్ర నాలో ఎక్కడ దాక్కుందో తెలీదు. మర్నాడు లేచేసరికి బాగా పొద్దెక్కింది. కాఫీ పెట్టుకుని నేను తాగేస్తుంటే మా వాడు వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"ఇవాళ అడగవేటి?"

"ఏటి?"

వాడు కుడికన్ను మీద అరచెయ్యి మూసుకుని, గోడమీద కేలండరు వైపు తిరిగాడు. నాకప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ నేను అడగడం మరిచిపోయాను.

"అక్కర్నేదురా, సెయ్యి తీసెయ్యి" అన్నాను. "కాఫీ సల్లారిపోతాది, రా."